మదార్ సాహెబ్‌కు తిరిగొచ్చిన భాష

ఆత్మకూరు నుంచి సీతారామపురం పోయే ఆర్టీసీ బస్సులో మదార్ సాహెబ్ పదిహేడేళ్ళు కండక్టరుగా పనిచేశాడు. ఉదయగిరిలో కొండ కింద వీధిలో ఆయన ఇల్లు. బస్సు చీకటి పడే వేళకు సీతారామపురం చేరి, రాత్రికి అక్కడే ఆగి, తెల్లవారి తిరిగి బయలుదేరేది. అందుకని ఆయన ఒక రాత్రి ఇంట్లో ఉంటే ఒక రాత్రి బస్సులో పడుకునేవాడు.

ఇంట్లో ఆయన, భార్య సుగ్రాబీ, ఇద్దరే. పిల్లలు పుట్టలేదు. అయినా ఆ ఇల్లు బోసిగా ఉండేది కాదు. ఇంటికి వచ్చిన రోజు ఆయన కాళ్ళు కడుక్కుని గడప మీద కూర్చుని, బస్సులో జరిగినదంతా భార్యకు చెప్పేవాడు. మేకపిల్లకు టికెట్టు ఎందుకని తగువు పెట్టుకున్న ముసలాయన, దుత్తలూరులో దిగాల్సి ఉండి నిద్రపోయి ఉదయగిరి దాకా వచ్చేసిన పెళ్ళివారు, ఇట్లాంటివి. ప్రయాణికులు తెలుగులో తిట్టుకున్న తిట్లన్నీ ఆయన నోట ఉర్దూలోకి మారేవి. గొంతు మార్చి, ముఖం మార్చి చెప్పేవాడు. సుగ్రాబీ జొన్నపిండి చేతుల్తో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆమె ఎక్కువగా ఇల్లు దాటేది కాదు. బయట జరిగే లోకమంతా ఆమెకు ఆయన చెప్పగా తెలిసిందే. ఆమెకు తెలుగు వచ్చు. కాకపోతే అది కూరగాయల గంపవాళ్ళతో, పాలవాళ్ళతో మాట్లాడే తెలుగు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో మొగుడితో ఒక్క తెలుగు మాట మాట్లాడవలసిన అవసరం ఆమెకు రాలేదు.

1978లో, ఆగస్టు నెల. బస్సు దుత్తలూరు దాటింది. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒక ఆవిడ ఉదయగిరికి టికెట్టు అడిగి ఐదు రూపాయల నోటు ఇచ్చింది. చిల్లర ఉందా అని అడగబోయాడు మదార్ సాహెబ్. నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని దగ్గాడు. మళ్ళీ ప్రయత్నించాడు. ఈలోపు కుడిచేతిలోని టికెట్ల కట్టలు జారి కింద పడ్డాయి. వంగి తీసుకోబోతే కుడికాలు తనది కానట్టు మడతపడిపోయింది. నడవాలో ఉన్న వేరుశనగ బస్తాల మీద పడిపోయాడు.

డ్రైవరు పెంచలయ్య అద్దంలో చూసి బస్సు ఆపాడు. ఆయనా మదార్ సాహెబూ ఆ బస్సు మీద తొమ్మిదేళ్ళుగా జంట. వచ్చి తల పట్టుకుని, "అన్నా, ఏందన్నా, ఏమైంది?" అని అడిగాడు.

"రైట్" అన్నాడు మదార్ సాహెబ్.

పెంచలయ్యకు అర్థం కాలేదు. "బండి పోనీమంటావా?"

"రైట్. రైట్."

పెంచలయ్య ఆయన మూతి ఒక పక్కకు లాగి ఉండడం గమనించాడు. ఇక ఎక్కడా ఆపకుండా, దిగాల్సినవాళ్ళను కూడా దించకుండా, ఉదయగిరి ఆసుపత్రి గేటు ముందుకు బస్సు తెచ్చి ఆపాడు. ఆ మర్నాడు జీపులో నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

మెదడులో ఎడమ పక్క రక్తనాళం మూసుకుపోయిందని, అందుకే కుడిచేయి, కుడికాలు, మాట పోయాయని డాక్టర్లు చెప్పారు. ప్రాణానికి భయం లేదన్నారు. మూడు వారాలు అక్కడే ఉన్నాడు. మాటల్లో ఒక్క 'రైట్' మాత్రం మిగిలింది. నీళ్ళు కావాలన్నా అదే, వద్దన్నా అదే, నొప్పి అన్నా అదే. ఆయన మనసులో వేరే మాట ఉండేది, నోట్లోంచి ఇదే వచ్చేది. వచ్చాక చెవులతో విని, అది కాదని తెలుసుకుని తల అడ్డంగా ఊపేవాడు. పక్క మంచాల వాళ్ళు మొదట జాలిపడ్డారు, తర్వాత నవ్వుకున్నారు. ఒకరోజు ఎవరో నర్సును పిలిచి, "అమ్మా, కండక్టరు విజిల్ వేస్తా ఉండాడు, బండి తియ్యి" అన్నాడు. వార్డంతా నవ్వింది. ఆ రోజు నుంచి మదార్ సాహెబ్ ఆ ఒక్క మాట కూడా అనడం మానేశాడు.

ఆ ఆసుపత్రిలో చంద్రశేఖర్ అనే కుర్ర ఫిజియోథెరపిస్టు ఉండేవాడు. రోజూ వచ్చి కాలూ చేయీ ఆడించి, ఎట్లా చేసుకోవాలో చూపించేవాడు. "నేను పట్టుకోని ఆడిస్తే అది నా కసరత్తు సాయిబు గారూ. మీరు చేస్తేనే మీది" అనేవాడు. మదార్ సాహెబ్ గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇంటికి పంపేటప్పుడు చంద్రశేఖర్ ఒక కాగితం మీద బొమ్మలు గీసి, ఏ కసరత్తు ఎన్నిసార్లో రాసి సుగ్రాబీ చేతికిచ్చాడు. ఆమె దాన్ని అన్నం మెతుకులతో గోడకు అతికించింది.

ఇంట్లో ఆయన శరీరం అందరిదీ అయిపోయింది. సుగ్రాబీ అన్న అల్లాబకాష్ కొయ్య గరిటెలు చెక్కే పనివాడు, మంచివాడు, బావమరిది బాధ్యతంతా నెత్తిన వేసుకున్నాడు. ఎవరో చెబితే పావురం నెత్తురు తెచ్చి కాలుకు రుద్దించాడు. ఇంకెవరో చెబితే ఏదో నూనె కాచి పట్టించాడు. ఏఎస్ పేట దర్గాకు తీసుకుపోయి పదకొండు రోజులు ఉంచాడు. అందులో ఏది మొదలుపెట్టేటప్పుడూ మదార్ సాహెబ్‌ను ఎవరూ అడగలేదు. ఎత్తి కూర్చోబెట్టారు, తిప్పి పడుకోబెట్టారు, నోట్లో అన్నం పెట్టారు. చూడడానికి వచ్చినవాళ్ళు ఆయన ముందే కూర్చుని ఆయన గురించి సుగ్రాబీతో మాట్లాడేవారు. "తింటా ఉండాడా? గుర్తుపడతాడా?" అని అడిగేవారు. ఎవరైనా ఆయనతోనే మాట్లాడాలనుకుంటే చెవిటివాడితో మాట్లాడినట్టు గట్టిగా అరిచేవారు. ఆయనకు అన్నీ వినపడేవి, అన్నీ అర్థమయ్యేవి. మొదట్లో కళ్ళతో జవాబు చెప్పాలని చూశాడు. తర్వాత కళ్ళు మూసుకుని, ఎప్పుడు పోతారా అని ఎదురుచూసేవాడు. గోడ మీది కాగితం అట్లాగే ఉండిపోయింది.

డిసెంబరులో మళ్ళీ నెల్లూరు రమ్మన్నారు. అల్లాబకాష్, సుగ్రాబీ తీసుకుపోయారు. చంద్రశేఖర్ చేయి పట్టి చూసి, కాలు వంచి చూసి, మూడు నెలల్లో ఏమీ చేయలేదని తెలుసుకున్నాడు. అల్లాబకాష్ సంజాయిషీ మొదలుపెట్టాడు. చంద్రశేఖర్ వాళ్ళిద్దరినీ బయట కూర్చోమని తలుపు దగ్గరగా వేశాడు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"సాయిబు గారూ, నేను చెప్పిందీ వాళ్ళు చెప్పిందీ వదిలెయ్యండి. మీకేం చెయ్యాలని ఉండాది?"

అడిగి ఊరుకున్నాడు. జవాబు తానే చెప్పలేదు, నడవాలని ఉందా, అన్నం తినాలని ఉందా అని అందించలేదు. బయట రోగులు వరుసలో ఉన్నారు. ఎవరో తలుపు తోస్తే చేత్తో ఆగమని సైగ చేశాడు. మదార్ సాహెబ్‌కు జబ్బు చేశాక తన జవాబు కోసం ఒకరు అంతసేపు కూర్చోవడం అదే మొదలు. చాలాసేపటికి ఎడమచేయి ఎత్తి తన నోరు చూపించాడు. ఆ తర్వాత అదే వేలు తలుపు వైపు తిప్పాడు. తలుపు అవతల బెంచీ మీద సుగ్రాబీ ఉంది.

"ఆమెతో మాట్లాడాల. అంతేనా?"

మదార్ సాహెబ్ తల ఊపాడు.

చంద్రశేఖర్ స్టూలు ఇంకా దగ్గరకు జరుపుకున్నాడు. "మాటకు వైద్యం నాకు తెలవదు. దానికి చదివినవాళ్ళు మద్రాసులో ఉంటారు, మనకు లేరు. కానీ ఒకటి విన్నాను. రోజూ ఆలోచన లేకుండా అనే మాటలు ఒక్కోసారి మిగిలి ఉంటాయంట. మీ బస్సు ఎక్కడ బయలుదేరుతాది? ఆత్మకూరా?"

ఆయన పెదాలు కదిలాయి.

"ఆత్మకూరు..." అని చంద్రశేఖర్ బస్టాండులో అరిచినట్టు సాగదీశాడు.

"వింజమూరు దుత్తలూరు ఉదయగిరి సీతారాంపురం" అన్నాడు మదార్ సాహెబ్. ఒక్క ఊపులో, ఎక్కడా తడబడకుండా.

తన గొంతు తానే విని ఆయన నిర్ఘాంతపోయాడు. మళ్ళీ అనబోతే రాలేదు. చంద్రశేఖర్ ఆత్మకూరు అందిస్తే మళ్ళీ వచ్చింది. నాలుగోసారికి ఆయన కళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి ఎడమచేయి కూడా లేపలేదు.

ఆ మర్నాటి నుంచి మదార్ సాహెబ్ తన పని తానే పెట్టుకున్నాడు. పావురాల సంగతి ఎత్తితే అల్లాబకాష్ చేయి పట్టుకుని పక్కకు తోసేశాడు. గోడ మీది కాగితం వైపు మంచం జరపమని సైగ చేశాడు. అందులో పది కసరత్తులుంటే నాలుగే ఎంచుకున్నాడు, అవి నిలబడడానికీ నడవడానికీ పనికొచ్చేవి. ఆయనకు బస్టాండుకు పోవాలని ఉంది. బస్టాండు ఇంటికి రెండు ఫర్లాంగుల దూరం. మొదటి నెలలో గడప దాటడమే అయింది. గోడ పట్టుకుని వీధి కుళాయి దాకా పోవడానికి ఇంకో నెల. అక్కడ ఒకసారి పడి మోకాలు చీరుకుపోయింది. ఎవరో లేపబోతే వద్దని చెయ్యి ఊపి, కుళాయి దిమ్మె పట్టుకుని తానే లేచాడు. అట్లా లేవడానికి ఎంతసేపు పట్టిందంటే, నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు బిందెలు కింద పెట్టి చూస్తూ నిలబడిపోయారు. 1979 ఏప్రిల్‌లో, కర్ర ఊతంతో, ఆయన బస్టాండు చేరాడు.

పెంచలయ్య బస్సు వచ్చే వేళకు డోరు పక్కన నిలబడ్డాడు. కొత్త కండక్టరు దిగి పక్కకు తప్పుకున్నాడు. మదార్ సాహెబ్ "దుత్తలూరు వింజమూరు ఆత్మకూరు" అని కేకపెట్టాడు. జనం ఎక్కారు. పెంచలయ్య సీట్లో నుంచి దిగి వచ్చి, "అట్టనే రోజూ రాన్నా, ఈ పిల్లోడి గొంతు ఎవురికీ ఇనపడదు" అన్నాడు.

ఊళ్ళ పేర్ల వెనక మిగతా మాటలు ఒకటొకటిగా వచ్చాయి. లోపలికి జరగండి. చిల్లర. దిగేవాళ్ళు ముందు. ఎవరికి? తర్వాత 'రేపు', 'కూర్చో', 'లేదు'. తప్పుగా వచ్చినవీ ఉన్నాయి, ఎండ అనబోతే గొడుగు అనేవాడు. అప్పుడు ఆగి, కర్ర నేల మీద పొడిచి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. మరుసటి వేసవికి మూడు నాలుగు మాటలు కలిపి చెప్పగలిగాడు. ఉద్యోగానికి పనికిరాడని ఆర్టీసీ అప్పటికే రిటైర్ చేసింది. ఆ సంగతి ఆయనను అంతగా బాధించలేదు. ఆయన బాధ వేరే ఉంది.

ఇంట్లో మాట రాలేదు.

వచ్చినదంతా తెలుగే. ఉర్దూలో ఒక్క ముక్క రాలేదు. సుగ్రాబీ మాట్లాడిందంతా అర్థమయ్యేది, జవాబు కోసం నోరు తెరిస్తే అక్కడ ఏమీ ఉండేది కాదు. ఆమె గ్లాసుతో నీళ్ళు పట్టుకుని నిలబడి, "పానీ. బోలో, పానీ" అనేది. ఆయన ఆమె పెదాల వైపే చూసి, ఊపిరి బిగపట్టి, "నీళ్ళు" అనేవాడు. ఆమె తల అడ్డంగా ఊపి మళ్ళీ అనేది. "నీళ్ళు" అనేవాడు. చివరికి గ్లాసు ఆయన పక్కన పెట్టి లోపలికి పోయేది. ఆయన ఆ నీళ్ళు తాగేవాడు కాదు.

నమాజులో మాత్రం ఆయన నోరు ఆగేది కాదు. చిన్నప్పుడు నేర్చిన సూరాలు మొదటి నుంచి చివరి దాకా తప్పులేకుండా వచ్చేవి. సుగ్రాబీ వంటింట్లో నుంచి వినేది. దేవుడితో మాట్లాడుతున్నాడు. బస్టాండులో దారిన పోయేవాళ్ళతో కూడా మాట్లాడుతున్నాడని పక్కింటి వాళ్ళు చెప్పారు. తనతోనే మాట్లాడడం లేదు. బిడ్డలు లేని ఇంట్లో ఇన్నేళ్ళూ ఆయన మనసులో ఏముందో ఏమోనని ఆమెకు అనుమానం పుట్టింది. ఎవరికీ చెప్పుకోలేదు. రాను రాను ఆమె మాట్లాడడం తగ్గించింది. కంచం పెట్టి నేల మీద గిన్నె చప్పుడు చేస్తే అన్నానికి రమ్మని అర్థం. దీపం తగ్గిస్తే పడుకోమని అర్థం. ఒకే గదిలో రోజుల తరబడి ఆ ఇద్దరూ అట్లా గడిపారు.

ఒక సాయంత్రం మదార్ సాహెబ్ బస్టాండు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని గడప మీద కూర్చున్నాడు. ఆ రోజు బస్టాండులో ఒక ముసలామె బుట్టలో నుంచి కోడి తప్పించుకుని బస్సు టాపు ఎక్కింది. దాన్ని దించడానికి నలుగురు ఎక్కారు. ఇది సుగ్రాబీకి చెప్పాలని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. మొదలుపెట్టాడు. "కోడి... టాపు మీద... ముసలామె కింద..." ఎడమచేత్తో చూపించాడు. సుగ్రాబీ పొయ్యి దగ్గర నుంచి చూస్తూ ఉంది. దగ్గరకు రమ్మందామని, "అమ్మా, ఇటు జరుగమ్మా" అన్నాడు. ఆయన దగ్గర ఉన్న మాట అదే.

సుగ్రాబీ లేచి నిలబడింది. కాపురానికి వచ్చాక మొదటిసారి ఆయనతో తెలుగులో మాట్లాడింది.

"నేనేమన్నా నీ బస్సు ఎక్కినదాన్నా?"

ఆ కథ అక్కడే ఆగిపోయింది.

తర్వాతిసారి నెల్లూరు పోయినప్పుడు సుగ్రాబీ చంద్రశేఖర్‌ను ఒంటరిగా కలిసింది. తెలుగులో మాటలు వెతుక్కుంటూ అడిగింది. "అందరితో మాట్లాడతాడు సార్. నాతో లేదు. నా మీద కోపమా? ఇష్టం లేదా? అది చెప్పు సార్, చాలు."

చంద్రశేఖర్‌కు అప్పటి దాకా ఈ సంగతి తెలియదు. విన్నాక ఆమెను కూర్చోమన్నాడు. "అమ్మా, ఇది కోపం కాదు. రెండు భాషలు వచ్చినవాళ్ళకు జబ్బు చేస్తే ఒకటి మిగిలి ఒకటి పోవడం ఉండాది. ఏది మిగులుతాదో, ఎందుకు మిగులుతాదో పెద్ద డాక్టర్లకే తెలవదు. ఆయన ఎంచుకున్నది కాదు. ఇంకోటి చెప్తా. పోయినేడాది, కాదు, ముందేడాది, మీకేం చెయ్యాలని ఉండాదని ఆయన్ను నేనే అడిగినా. నడుస్తాననలేదు, ఉద్యోగం చేస్తాననలేదు. నోరు చూపించి, తలుపు బయట ఉండే నిన్ను చూపించినాడు. ఆ బస్టాండుకు నడిచింది కూడా నీతో మాట్లాడాలనే."

తిరుగు బస్సులో సుగ్రాబీ కిటికీ పక్కన కూర్చుంది. సంగం వచ్చింది, ఆత్మకూరు వచ్చింది. వింజమూరులో బస్సు ఆగినప్పుడు, ముందు సీటు కమ్మీ మీద ఉన్న ఆయన కుడిచేతిని తీసి తన ఒడిలో పెట్టుకుంది. ఆ చేతికి అప్పటికి స్పర్శ సగమే తెలిసేది.

ఆ రోజు నుంచి ఇంట్లో తెలుగు మొదలైంది. ఆమె తెలుగు కూరగాయల బేరం తెలుగు, ఆయన తెలుగు టికెట్ల తెలుగు. "ఏం కావాల? చెప్పు బిన్నా" అని తొందరపెట్టేది ఆమె. "రెండు... రెండు ఇవ్వమ్మా" అనేవాడు ఆయన, రొట్టెల కోసం. 'అమ్మా' మానడానికి ఆయనకు ఆరు నెలలు పట్టింది. ఆయనను ఏమని పిలవాలో ఆమెకు తెలియలేదు. ఉర్దూలో పిలిచినట్టు పిలవడానికి తెలుగులో మాట దొరకలేదు. ఏమయ్యా అంటే బియ్యం అంగడాయనను పిలిచినట్టుందని మానుకుంది. చివరికి ఏ పిలుపూ లేకుండానే మాట్లాడుకున్నారు. కోడి కథ కూడా మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. ఆయన చెప్పాడు, ఆమె నవ్వింది. కానీ గొంతులు మారలేదు, ముఖాలు మారలేదు. కోడి ఎక్కింది, దించారు, అంతే. నవ్వి లోపలికి పోయి, పొయ్యి ఊదుతూ ఆమె చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

ఏళ్ళు గడిచాయి. మదార్ సాహెబ్ నడక బాగుపడింది. కుడిచేత్తో గ్లాసు పట్టుకోగలిగాడు, గుండీ పెట్టుకోలేకపోయాడు. తెలుగు దాదాపు మునుపటిలాగా వచ్చింది. ఉర్దూలో పదో పన్నెండో మాటలు వచ్చాయి, అవీ అడిగినప్పుడు రావు. ఒకసారి ఆమె పేరు సగం పిలిచాడు, 'సుగ్రా' అని, మునుపటి గొంతుతోనే. ఆమె పరుగెత్తుకొచ్చేసరికి మిగతాది పోయింది.

1985లో అల్లాబకాష్ కూతురి నికా ఉదయగిరిలోనే జరిగింది. పెళ్ళికొడుకు వాళ్ళు కావలి వైపు నుంచి వచ్చారు. షామియానా కింద చుట్టాలంతా ఉర్దూలో హాస్యాలాడుతున్నారు. మదార్ సాహెబ్ మధ్యలో కుర్చీలో కూర్చుని అన్నీ విన్నాడు. అన్నీ అర్థమయ్యాయి. అందరూ నవ్వినప్పుడు నవ్వాడు. ఒకప్పుడు ఇట్లాంటి చోట జనం ఆయన చుట్టూ చేరేవారు. ఇప్పుడు పలకరించినవాళ్ళు రెండు మాటలు ఉర్దూలో అడిగి, ఆయన తెలుగులో జవాబిస్తే తామూ తెలుగులోకి మారి, మర్యాదగా ఒక మాట అని, వెళ్ళిపోయారు.

భోజనాల వేళ పెళ్ళికొడుకు తరఫు పెద్దమనిషి ఒకాయన వచ్చి ఆయనను లేవమన్నాడు. భోజనం అయిందా అని ఉర్దూలో అడిగాడు. "నాకు తొందర లేదు, మీరు కానీండి" అన్నాడు మదార్ సాహెబ్ తెలుగులో. మదార్ సాహెబ్ ఎవరో ఆ పెద్దమనిషికి తెలియదు. ఆ రోజు టోపీ కూడా జేబులోనే ఉంది. పెద్దమనిషి వెంటనే చేతులు జోడించి, "రండి సార్, మీకు వేరే ఏర్పాటు చేసినాము" అని ఎంతో మర్యాదగా షామియానా వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ హిందూ స్నేహితుల కోసం అరిటాకుల్లో శాకాహార భోజనం వడ్డిస్తున్నారు. మదార్ సాహెబ్‌ను ఒక ఆకు ముందు కూర్చోబెట్టాడు.

ఎదురు వరుసలో పెంచలయ్య ఉన్నాడు. "ఏందన్నా, నువ్వు ఈడ కూర్చున్నావు?"

"కూర్చోబెట్టినారు" అన్నాడు మదార్ సాహెబ్.

పెంచలయ్య లేచి ఎవరినో పిలవబోయాడు. మదార్ సాహెబ్ చేత్తో వారించాడు. "ఉండనీలే. వడ్డిస్తా ఉండారు."

పెంచలయ్య కూర్చున్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా, తలలు వంచుకుని తిన్నారు. మదార్ సాహెబ్ ఎడమచేత్తో నెమ్మదిగా, వడ్డించినదంతా తిన్నాడు.

ఎండ తగ్గాక సుగ్రాబీతో కలిసి ఇంటికి బయలుదేరాడు. పెళ్ళిలో పొద్దున్నుంచి ఆడవాళ్ళతో మాట్లాడిన అలవాటు మీద ఆమె ఉర్దూలోనే అడిగింది, బిర్యానీ ఎట్లా ఉందని.

"సాంబారు బాగుండాది" అన్నాడు ఆయన.

ఆమెకు మొదట అర్థం కాలేదు. రెండడుగులు వేశాక అర్థమై నిలబడిపోయింది. ఎవరు అట్లా చేశారని అడగలేదు. ఇంటికి పోయి తాళం తీసి, పెళ్ళివారు కట్టిచ్చిన బిర్యానీ మూట విప్పి, ఆయన కంచంలో పెట్టింది. ఆయనకు ఆకలి లేదు. అయినా ఆమె ఎదురుగా కూర్చుని చూస్తూ ఉంటే, కొంచెం తిన్నాడు.